ట్రేసింగ్ కాగితం మీద అక్క

మా అక్కాచెల్లెళ్ల మధ్య పనుల పంపకం ఎప్పుడో జరిగిపోయింది. ఫొటోలు తీయడం అక్క వంతు, కెమెరాలు తుడవడం నా వంతు. పెళ్లికూతుళ్లు, పసిపిల్లల తల్లులు, ఉద్యోగానికి దరఖాస్తు పెట్టుకునేవాళ్లు, అందరూ అక్కనే పొగిడి వెళ్లేవాళ్లు. నేను వెనక గదిలో బ్రష్షూ దూదీ స్పిరిటూ ముందేసుకుని కూర్చునేదాన్ని. "నువ్వు లేకపోతే నా కెమెరాలకి చూపు పోయేదే" అని అక్క అప్పుడప్పుడూ అనేది. అలా అన్నరోజు ఏదో పెద్ద పనే నా నెత్తిన పెట్టబోతోందని నాకు అర్థమైపోయేది.

కింద స్టూడియో, పైన మేముండే రెండు గదులు. ఇద్దరం పెళ్లి ఊసెత్తకుండానే ముసలివాళ్లమైపోయాం. ఎవరైనా అడిగితే "తీరిక దొరకలేదండీ" అనేది అక్క. అందరి చేతుల్లోకీ ఫోన్లొచ్చాక స్టూడియో మూతపడింది. మొన్న చలికాలం చివర్లో అక్క కూడా వెళ్లిపోయింది. మందుల దెబ్బకి ఆఖర్లో తలమీద ఒక్క వెంట్రుక మిగల్లేదు. ఒకప్పుడు నడుం దాటే జుట్టు ఆమెది. నాది మొదట్నుంచీ చెవుల దగ్గరికి కత్తిరించిన జుట్టే. కెమెరాలో వెంట్రుక పడితే అక్క చేత తిట్లు తినాల్సి వస్తుందని కుర్రతనంలోనే కత్తిరించేసుకున్నాను.

అక్క పోయాక ఎలా ఉన్నావని అడిగేవాళ్లకి బాగానే ఉన్నానని చెప్పేదాన్ని. అలవాటుకొద్దీ ఇద్దరికీ కాఫీ కలిపి, ఒకదాని తర్వాత ఒకటి రెండు కప్పులూ నేనే తాగేదాన్ని. రాంగ్ నంబరువాడు "సారీ అండీ" అని పెట్టేయబోతే, "ఇంతకీ నీకెవరు కావాలి బాబూ?" అని కాసేపు ఆపేదాన్ని. మెట్లమీద అడుగుల చప్పుడైతే చాలు, ముందుగది దాకా వెళ్లి నిలబడేదాన్ని. అవి ఎప్పుడూ పక్కింటికే వెళ్లేవి. ఏడుపొచ్చేది, ఏడ్చేదాన్ని. ఓదార్చేవాళ్లు లేరు గనక తొందరగానే ఆగిపోయేది.

చివరికి తమ్ముడు పట్టుబట్టాడు. "ఒక్కదానివీ ఆ ఇంట్లో ఏం చేస్తావు చిన్నక్కా, వచ్చి మాతో ఉండు" అన్నాడు. సామానంతా కట్టేశాను. మంచాలు అమ్మేశాను, ఫ్యాన్లు విప్పించేశాను. సాయంత్రం కారు తెస్తానన్నాడు. మిగిలింది ఒక్క పనే. అక్క కెమెరాని శుభ్రం చేసి, పనిచేస్తోందో లేదో చూసి, తమ్ముడి కూతురు బుజ్జికి ఇవ్వాలి.

బుజ్జి చిన్నపిల్లేం కాదు, ఉద్యోగం చేస్తోంది. ఫిల్ము కెమెరాల పిచ్చి మాత్రం వాళ్ల పెద్దత్త నుంచి అంటుకుంది. మధ్యాహ్నం ఫోన్ చేసింది.

"చిన్నత్తా, కెమెరా మర్చిపోవుగా?"

"మీ నాన్న నన్ను మర్చిపోయి వచ్చేసినా ఫర్వాలేదు, కెమెరా మాత్రం రావాలి. అంతేగా?"

"అబ్బా, ఇద్దరూ రావాలి. కెమెరా కొంచెం ముందు రావాలి, అంతే" అని నవ్వింది. ఆ నవ్వు ఫోన్ పెట్టేశాక కూడా కాసేపు చెవిలో ఉండిపోయింది.

బయట వాన కురుస్తోంది. పట్టపగలే గదిలో సాయంత్రంలా ఉంది. బల్లమీద పాత తువ్వాలు పరిచి కెమెరా పెట్టాను.

అది మడత కెమెరా. ముందు తలుపు తెరిస్తే నల్లటి తోలు తిత్తి సాగి, దాని కొసన లెన్సు బయటికొస్తుంది. ముందు తిత్తి లోపల టార్చి పెట్టి, ఎక్కడైనా సూదిమొనంత వెలుతురు కారుతోందేమో చూశాను. ఎక్కడా లేదు. రబ్బరు బుడ్డితో దుమ్ము ఊదాను. దూదికి స్పిరిట్ అద్ది లెన్సుని మధ్యలోంచి అంచులకి తుడిచాను. చిక్కంతా షట్టర్ దగ్గరే. లెన్సు మధ్యలో పల్చటి రేకులుంటాయి, కంటిరెప్పల్లా తెరుచుకుని మూసుకుంటాయి. నూనె ఎండి జిగురైతే తెరుచుకున్నవి మూసుకోవు. అక్క ఆ కెమెరాని చాలాకాలంగా ముట్టలేదు, జిగురు బాగా పట్టేసింది. చుక్క చుక్కగా స్పిరిట్ వేసి, మీట నొక్కి, తుడిచి, మళ్లీ నొక్కి... అలా చేస్తుంటే వేళ్లకి మళ్లీ ప్రాణం వచ్చినట్టనిపించింది. "ఇదిగో, కొంచెం కదిలిందే" అని పైకే అన్నాను. అలవాటు.

ఇక్కడొక సంగతి చెప్పాలి, లేకపోతే తర్వాత జరిగింది అర్థం కాదు. శుభ్రం చేశాక లెన్సు సరిగ్గా చూస్తోందో లేదో తెలుసుకోవడానికి మాకో పద్ధతి ఉండేది. కెమెరా వెనక మూత తీసి, ఫిల్ము ఉండాల్సిన చోట పేకముక్కంత ట్రేసింగ్ కాగితం అంటిస్తాం. షట్టర్ తెరిచి ఉంచుతాం. మీట ఒకసారి నొక్కితే తెరుచుకుంటుంది, మళ్లీ నొక్కితే మూసుకుంటుంది. తలమీద నల్లగుడ్డ కప్పుకుని చూస్తే, ఎదురుగా ఉన్న గది అంతా ఆ కాగితం మీద చిన్న బొమ్మగా పడుతుంది. కాకపోతే తలకిందులుగా. ఏ లెన్సయినా అంతే. పైకప్పు కాగితం అడుక్కి పోతుంది, నేల పైకొస్తుంది, మనుషులు కాళ్లు పైకీ తల కిందికీ వేలాడుతుంటారు.

ఆ కాగితం మీద నేను చూసిన మనిషి దాదాపు ఎప్పుడూ అక్కే. ఎదురు కుర్చీలో పేపరు పట్టుకుని కూర్చునేది. నేను ఆమె పేపర్లోని అక్షరాలు స్పష్టంగా వచ్చేదాకా లెన్సు తిప్పేదాన్ని. మధ్యలో నాలుక బయటపెట్టి వెక్కిరించేది. "గబ్బిలంలా ఉన్నావే" అంటే, "గబ్బిలం చెల్లెలివి నువ్వు" అనేది.

ఊళ్లోవాళ్లందరి ఫొటోలూ తీసిన మనిషికి సొంత ఫొటో ఒక్కటి లేదంటే నమ్ముతారా? "నా మొహం నాకు తెలుసు, మళ్లీ ఫొటో దేనికి?" అనేది. ఏదో గుర్తింపు కార్డు మీద గోరంత మొహం ఉంది, అదీ కళ్లు మూసుకుని. బుజ్జి ఫోన్లో వెతికితే అక్క చెయ్యీ, వీపూ దొరికాయి. ఆ ఇల్లు వదిలిపెట్టడానికి నాకేం బాధ లేదు. కానీ అక్క మొహం నా తలలోంచి కొంచెం కొంచెంగా చెరిగిపోతోంది. కనుబొమలు గుర్తున్నాయి, నవ్వితే పెదవి ఏ వైపుకి వంగేదో గుర్తులేదు. వెళ్లిపోయేలోపు ఒక్కసారి... ఒక్కసారి ఆ మొహం చూడాలని ఎంత ఉండేదో చెప్పలేను. తీరే కోరిక కాదని తెలిసీ, పొద్దున లేచింది మొదలు అదే ధ్యాస.

ఇంకో సంగతి కూడా. అక్కకో పట్టింపు ఉండేది. తెరిచిన లెన్సుని ఖాళీ కుర్చీకి చూపించనిచ్చేది కాదు. ఎదుట ఎవరో ఒకరు కూర్చోవాల్సిందే. ఆమెకి ఒంట్లో బాగోని రోజుల్లో కింద స్టూడియో పక్క కొట్లో ఉండే కుట్టుమిషనావిడని పిలిచి మరీ కూర్చోబెట్టేది. పని నేర్పిన స్టూడియో పెద్దాయన అలా చెప్పాడట. ఎందుకని అడిగితే ఆయన చెప్పలేదట, ఈమె మళ్లీ అడగలేదట. పేపరు చదువుకోవడానికి మంచి సాకు దొరికిందని నేను ఆటపట్టించేదాన్ని.

ఆ రోజు కుట్టుమిషనావిడని పిలవచ్చు. కానీ అప్పటికే పొద్దుట్నుంచీ రెండుసార్లు ఏదో వంకతో కిందికెళ్లి మాటలు పెట్టాను. మూడోసారి వెళ్తే ఆవిడ జాలిపడుతుందని మొహమాటం అనిపించింది. లెన్సుకి మాత్రం గురి పెట్టుకోవడానికి ఏదో ఒకటి కావాలి. అక్క స్వెటర్ ఇంకా కట్టలేదు. బూడిదరంగుది, మోచేతుల దగ్గర నేను వేసిన అతుకులున్నది. దాన్ని కుర్చీ వీపుకి భుజాలమీద కప్పినట్టు తొడిగాను. గుండీలు పెట్టలేదు, అలా వదిలేశాను. ఒళ్లో పెట్టినట్టు పాత పేపరొకటి పెట్టాను.

"కూర్చో. కదలకు" అన్నాను స్వెటర్‌తో. నాకే నవ్వొచ్చింది. తర్వాత ఇంకేదో వచ్చింది.

కిటికీ తెరలు దించాను. కుర్చీ పక్కన టేబుల్ లైటు వేశాను. కెమెరాని నిలువుగా స్టూలు మీద పెట్టి, వెనక కాగితం అంటించి, మీట నొక్కాను. టిక్. రేకులు తెరుచుకున్నాయి. నల్లగుడ్డ కప్పుకున్నాను.

గుడ్డ లోపల చీకటికి ఒక వాసన ఉంటుంది. పాత తోలు, స్పిరిట్, ఎన్నో ఏళ్లుగా నేను వదిలిన ఊపిరి. ఆ రోజు వాటితోపాటు అక్క తలనూనె వాసన కూడా వచ్చింది. గుడ్డని ఆమే మడతపెట్టేది కదా, అంటుకుని ఉంటుందిలే అనుకున్నాను. బయట వాన చప్పుడు మందంగా వినిపిస్తోంది. నా ఊపిరి నాకే దగ్గరగా వినిపిస్తోంది.

కాగితం మీద మెల్లగా బొమ్మ తేలింది. పైన నేల. నేలకి వేలాడుతున్నట్టు కుర్చీ. లైటు పచ్చటి మరకలా. లెన్సు కొద్దికొద్దిగా తిప్పాను. కుర్చీ కాళ్లు తేరుకున్నాయి, పేపరు మడత తేరుకుంది.

కుర్చీ మీద స్వెటర్ లేదు.

జారి కింద పడిందేమో అనుకున్నాను. కాగితానికి కళ్లు ఇంకా దగ్గరగా పెట్టాను. అప్పుడు చూశాను. కాగితం అడుగుభాగంలో, కుర్చీకి కింద, ఎవరో నిలబడి ఉన్నారు.

బూడిదరంగు స్వెటర్. మోచేతుల దగ్గర అతుకులు.

నిజం చెబుతున్నాను, నాకు భయం వెయ్యలేదు. గుండె ఒక్కసారి పైకి లేచింది, అంతే. అది అక్క. గోరంత మొహం, కానీ అక్కే. కనుబొమలు, గడ్డం, నన్ను చూసి ఓ వైపుకి వంగిన పెదవి... ఎడమవైపు. ఎడమవైపుకే వంగేది! ఎలా మర్చిపోయాను? తలకిందులుగా కూడా కాదు, చక్కగా నిటారుగా నిలబడి నన్నే చూస్తోంది. జీవితమంతా ఆ కాగితం మీద వేలాడుతూ కనిపించిన మనిషి మొదటిసారి సరిగ్గా కనిపిస్తోంది. కళ్లనిండా నీళ్లొచ్చి బొమ్మ మసకబారితే, ఎక్కడ మాయమవుతుందో అని గబగబా తుడుచుకున్నాను.

"అక్కా..." అన్నాను. "ఎక్కడికెళ్లావే ఇన్నాళ్లూ?"

పెదవులు కదిలాయి. మాట వినిపించలేదు.

"నేను వెళ్లిపోతున్నానే. తమ్ముడింటికి. కోపమా?"

తల అడ్డంగా ఊపింది. నాకెంత హాయిగా అనిపించిందో! ఇంకా చూశాను, కడుపునిండా చూశాను. జుట్టు కూడా వచ్చేసింది, అప్పటి జుట్టే, నడుం దాటే జుట్టు. ఎందుకో విరబోసుకుని ఉంది. కానీ అది భుజాలమీద పడలేదు. తలపైన నిలువుగా, పైకి లేచి ఉంది. ఏదో కిందినుంచి గాలి కొడుతున్నట్టు.

ఫ్యాను గాలేమో అనుకున్నాను. ఫ్యాను లేదు. విప్పించేశాను కదా. పైకప్పుకి ఒట్టి కొక్కెం మిగిలింది.

కొక్కెం... కాగితం మీద అక్క పాదాల పక్కన ఏదో చిన్న మొలకలా పైకి లేచి ఉంది. ఇందాకట్నుంచీ కనబడుతూనే ఉంది, నేనే పట్టించుకోలేదు. వంకర తిరిగిన ఇనపముక్క.

అది కొక్కెం.

అక్క పాదాలు కొక్కెం పక్కనున్నాయి.

ఏ లెన్సయినా అంతే. నేల పైకి, పైకప్పు కిందికి. గదిలో సరిగ్గా ఉన్నది కాగితం మీద తలకిందులవుతుంది. మరి కాగితం మీద నిటారుగా కనిపించేది... గదిలో...

జుట్టు పైకి లేవలేదు. కిందికి వేలాడుతోంది.

గుడ్డ తీసి చూడాలి. తీయలేకపోయాను. తీస్తే ఎదురుగా ఏముంటుందో నాకు తెలుసు. కాగితం మీద గోరంత ఉన్న ఆ మొహం ఇంకా నవ్వుతూనే ఉంది. కానీ అది మా అక్క నవ్వేనా? నేను దేన్ని మర్చిపోయానని దిగులుపడ్డానో సరిగ్గా దాన్నే తెచ్చి చూపిస్తున్నట్టుంది.

అప్పుడది ఒక అడుగు వేసింది.

కాగితం మీద బొమ్మ కొంచెం పెద్దదైంది. ఇంకో అడుగు. కొక్కెం దాటింది. ఇంకాస్త పెద్దదై, అంచులు మసకబారాయి. లెన్సుని కుర్చీకి గురి పెట్టాను కదా, అంతకన్నా దగ్గరికొచ్చిందేదైనా మసకబారుతుంది. కళ్లు మసకలయ్యాయి. పెదవులు మసకలయ్యాయి. మొహం బదులు లేతరంగు మచ్చ... దానిమీద నల్లటి మచ్చ... పైకప్పు మీద చప్పుడు లేదు. చప్పుడైనా బాగుండేది.

షట్టర్ ముయ్యాలి. మీట ముందువైపు లెన్సు పక్కనుంటుంది. గుడ్డలోంచి చెయ్యి బయటికి చాపాను. వేలితో తడిమి మీట పట్టుకుని నొక్కాను.

మూసుకోలేదు. జిగురు... ఆ దిక్కుమాలిన జిగురు ఇంకా పోలేదు. మళ్లీ నొక్కాను. మళ్లీ.

మణికట్టుకి ఏదో తగిలింది. మెత్తగా, చల్లగా, సన్నటి పోగుల్లా. నూనె వాసన. తర్వాత గుడ్డమీద, సరిగ్గా నా నడినెత్తిన, ఏదో రాసుకుంటూ అటూ ఇటూ ఊగింది.

కాగితం నల్లబడిపోయింది. రేకులు మూసుకుని కాదు. ఏదో లెన్సుకి ఆనుకుంది.

"అక్కా, వద్దు..." గుడ్డలోంచే అన్నాను.

నా వేలిమీద ఇంకో వేలు పడింది. నెమ్మదిగా, పని తెలిసినదానిలా, నా వేలిని నొక్కింది.

టిక్.

ఎంతసేపు అలా గుడ్డలోనే ఉండిపోయానో తెలీదు. కింద కారు హారన్ మోగింది. అప్పుడు లేచి, గుడ్డ విసిరేసి, తెరలు లాగేశాను. వాన తగ్గింది. గది మామూలుగా ఉంది. పైకప్పు మీద కొక్కెం తప్ప ఏమీ లేదు. కుర్చీ మీద పేపరుంది, కుర్చీకి స్వెటర్ ఉంది. గుండీలన్నీ మెడదాకా పెట్టి ఉన్నాయి.

తమ్ముడు మెట్లెక్కి వచ్చేసరికి నేను గుమ్మంలో నిలబడి ఉన్నాను.

"ఏంటి చిన్నక్కా, మొహం అలా పాలిపోయింది? మళ్లీ అన్నం మానేశావా?"

"తిన్నాను. పద, వెళ్దాం."

"బుజ్జి కెమెరా ఏదీ? అది లేకపోతే నన్ను ఇంట్లోకి రానివ్వదు."

"పాడైపోయింది. పనికిరాదు."

"అయితే పారేసెయ్, మోయడం దేనికి?" అంటూ పెట్టెలు కిందికి మోసుకెళ్లాడు.

పారేయాలనే చేతిలోకి తీసుకున్నాను. చెత్తబుట్ట పక్కనే ఉంది. కానీ అక్క మొహం కనిపించిన చోటు ఈ లోకంలో నాకు అదొక్కటే. ఎలా కనిపించిందన్నది తర్వాతి సంగతి. కెమెరాని నల్లగుడ్డలో గట్టిగా చుట్టి, నా పెట్టెలో బట్టల అడుగున పెట్టి తాళం వేశాను. స్వెటర్‌ని మాత్రం ముట్టుకోలేదు. కుర్చీతోపాటు అక్కడే వదిలేశాను.

తమ్ముడింట్లో అన్ని గదుల్లోనూ లైట్లు వెలుగుతున్నాయి. టీవీ మోగుతోంది. మరదలు ఎదురొచ్చి చెయ్యి పట్టుకుని, "ముందు వేడినీళ్లతో స్నానం చెయ్యండి వదినా, తర్వాతే కబుర్లు" అంది. బుజ్జి నన్ను కావలించుకుని, నా చేతిలోని పెట్టె లాక్కుంది. తాళంచెవి అడిగితే ఆలోచించకుండా ఇచ్చేశాను. బట్టలు సర్దిపెడతానంది. మనుషుల మధ్యకొచ్చిన సంబరంలో ఆ పెట్టెలో ఇంకేముందో నాకు తట్టనే లేదు.

వేడినీళ్లు ఒంటిమీద పడ్డాక ధైర్యం వచ్చింది. ఎనిమిది నెలలుగా ఒక్కదాన్నే ఉంటే మనిషికి ఏవేవో కనిపిస్తాయి. స్పిరిట్ వాసన తలకెక్కి ఉంటుంది. గుండీలు నేనే పెట్టి మర్చిపోయి ఉంటాను. బయటికొచ్చేసరికి మరదలు టీ కప్పు చేతికిచ్చింది. ముందుగదిలోకి వెళ్లి, ఖాళీగా కనిపించిన కుర్చీలో కూర్చుని, ఒక గుక్క తాగి తలెత్తాను.

ఎదురుగా స్టూలు మీద కెమెరా. దాని వెనక నల్లగుడ్డ కప్పుకున్న తల.

కప్పు పక్కన పెట్టి లేవబోయాను.

"కదలకు చిన్నత్తా!" గుడ్డలోంచి బుజ్జి గొంతు. "పాడైందని అబద్ధం చెప్పావు కదూ? శుభ్రంగా పనిచేస్తోంది. నువ్వు నేర్పినట్టే కాగితం అంటించాను."

"బుజ్జీ... తియ్యి. గుడ్డ తియ్యమ్మా."

"ఒక్క నిమిషం. అబ్బ, ఎంత బాగా కనిపిస్తోందో! అన్నీ తలకిందులే. సోఫా తలకిందులు, నువ్వూ తలకిందులే. టీ కప్పుతో గబ్బిలంలా ఉన్నావు."

నేనూ తలకిందులే. అంటే గదిలో నేను సరిగ్గానే ఉన్నాను. పట్టలేని ఉపశమనంతో కళ్లు మూసుకున్నాను. ఇంట్లో ఇంతమంది ఉన్నారు, లైట్లున్నాయి, ఎదురు కుర్చీ ఖాళీగా లేదు. అక్క చెప్పినట్టే ఎదుట మనిషి ఉంది. ఇంకేం కాదు.

లెన్సు తిప్పుతున్న చప్పుడు ఆగింది.

"చిన్నత్తా..." ఈసారి గొంతు చిన్నదైపోయింది. "పెద్దత్త మాత్రం నిటారుగా నిలబడిందేంటి?"

టీవీలో ఎవరో నవ్వుతున్నారు. వంటగదిలో మరదలు గిన్నెలు సర్దుతోంది.

"నీ తలకి తల ఆనించి ఉంది..." గుసగుసలాడింది బుజ్జి.

భయం వేసింది. కానీ దానికన్నా ముందు, ఒక్క క్షణం, సంతోషం కలిగింది. నన్ను వదలకుండా వచ్చిందని. అది చెప్పుకోవడానికి ఇప్పటికీ సిగ్గేస్తుంది.

"బుజ్జీ, ముయ్యి" అన్నాను, తల పైకెత్తకుండా. "మీట నొక్కి ముయ్యి."

"మూసేశాను."

"మళ్లీ నొక్కు. జిగురుంటుంది, గట్టిగా..."

"మూసుకుంది చిన్నత్తా. ఇందాకే మూసుకుంది. చేత్తో తడిమి చూశాను, లెన్సుకి మూత కూడా పెట్టేశాను." గుడ్డ లోపల ఆ పిల్ల ఏడుస్తోంది. "అయినా ఇంకా కనిపిస్తోంది."

నా చెవి పక్కనుంచి చల్లగా ఒక జుట్టుపాయ జారి, టీ కప్పులోకి దిగింది.